లసోటా టీకా వేసినా కోళ్లకి కొక్కెర తెగులు (రాణిఖెట్ అనే వైరస్ జబ్బు) వచ్చింది అంటున్నావు కదా

అన్నా, నువ్వు చెప్పినదాన్నిబట్టి మందు తప్పు కాదనిపిస్తోంది, కుళాయి నీళ్లలో కలిపా అన్నావు చూడు, అక్కడే పోయింది. లసోటాలో ఉండేది బతికున్న వైరస్, క్లోరిన్ తగిలితే చచ్చిపోద్ది, ఇక కోళ్లు తాగింది ఉత్త నీళ్లే. ఈసారి క్లోరిన్ లేని చల్లటి నీళ్లు తీసుకుని లీటరుకి 2 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందు కలిపి, తర్వాతే మందు కలుపు. అంతకుముందు గంటా రెండు గంటలు కోళ్లకి నీళ్లు ఆపితే అన్నీ తాగుతాయి, మందు కలిపిన నీళ్లు 2 గంటల్లో అయిపోవాలి. సీసా 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి, డీప్ ఫ్రీజర్లో కాదు. కోళ్లు తక్కువైతే నాకైతే కంట్లో చుక్కే నమ్మకం, ఏ కోడీ మిస్సవ్వదు. ఇప్పటికే మెడ తిప్పుతున్నవాటికి మాత్రం టీకా పనిచెయ్యదు, వాటిని వెంటనే విడిగా పెట్టు.