బుల్‌పప్ పిస్టల్ కొంటానంటున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు పిస్టల్ కొనబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నిన్ను నువ్వే కాపాడుకోవాలన్న నీ తెగువకి గర్వపడ్డాను. నీ మనసు పడ్డది బాండ్ ఆర్మ్స్ వాళ్ల బుల్‌పప్ 9 మీద అని విన్నాక మాత్రం గుబులు పట్టుకుంది.

అమెరికాలో తుపాకుల చట్టం రాష్ట్రానికో తీరు, మీ రాష్ట్రానిది చదువుకో. గొట్టం ఎవరి వైపూ తిప్పకు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

ముందు ఆ డిజైన్ గొప్పతనం ఒప్పుకుంటాను. మామూలు పిస్టల్లో స్లైడ్, అంటే వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం, తూటాని మ్యాగజైన్ అనే తూటాల డబ్బా లోంచి ముందుకు తోస్తుంది, కాబట్టి చాంబర్, అంటే తూటా పేలే గది, మ్యాగజైన్‌కి ముందు ఉండాలి. ఇందులో స్లైడ్ వెనక్కి వెళ్తూ తూటాని అడుగు అంచు పట్టి వెనక్కి లాగుతుంది, పైకెత్తి, తిరిగి వచ్చేటప్పుడు చాంబర్‌లో పెడుతుంది. అందువల్ల చాంబర్ మ్యాగజైన్ నెత్తినే కూర్చుంటుంది. పిస్టల్ పొడవు 5.1 అంగుళాలే అయినా బ్యారెల్, అంటే గొట్టం, 3.35 అంగుళాలు వచ్చింది. మామూలు తరహా చిన్న పిస్టల్ రూగర్ ఎల్‌సీ9 పొడవు 6 అంగుళాలు, బ్యారెల్ 3.12 మాత్రమే. బ్యారెల్ పొట్టిదయ్యే కొద్దీ గుండు, అంటే తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క, వేగం తగ్గుతుంది, వేగం చాలకపోతే ముందు గుంట ఉండే హాలో పాయింట్ గుండు తగిలాక విచ్చుకోదు. కాబట్టి ఈ డిజైన్ రూపకర్త ఆర్న్ బోబెర్గ్ చేసిన ఆలోచనలో పస ఉంది.

నా భయమంతా ఆ వెనక్కి లాగడం దగ్గరే. దీన్ని కొన్నవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది: దొరికిన 9 ఎంఎం తూటా ఏదైనా నింపేయడం. పిస్టల్ పేలగానే స్లైడ్ ఎంత విసురుగా వెనక్కి పోతుందో ఆలోచించు. ఆ విసురుతోనే మ్యాగజైన్‌లోని తర్వాతి తూటా కేసుని, అంటే మందు ఉండే లోహపు తొడుగుని, లాగుతుంది. గుండు బరువైనది, ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. కేసు మూతి గుండుని గట్టిగా బిగించి ఉంటే రెండూ కలిసి వస్తాయి. ఆ బిగింపు, అంటే క్రింప్, వదులుగా ఉంటే గుండు ముందుకు జరుగుతుంది. మరీ వదులైతే కేసు ఒక్కటే ఊడి వస్తుంది, గుండు వెనకే మిగిలిపోతుంది, లోపలి మందు యంత్రం నిండా చిమ్ముతుంది. అప్పుడు మ్యాగజైన్ తట్టి స్లైడ్ లాగితే బాగుపడదు. మ్యాగజైన్ తీసి, గుండు ఎక్కడుందో వెతికి, బ్యారెల్ ఖాళీగా ఉందని కళ్లారా చూసి, మందంతా తుడిచాకే మళ్లీ నింపాలి. మీదికి వచ్చేవాడు అంతసేపు ఆగుతాడా?

చేత్తో మెల్లగా స్లైడ్ లాగి చూసి, తూటా బాగానే వచ్చిందనుకోకు తల్లీ. ఆ పరీక్షకి విలువ లేదు. ఇలా చెయ్యి: తూటా పొడవు వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి రాసుకో. అది పైన కాకుండా రెండోదిగా ఉండేలా మ్యాగజైన్ నింపు. మొదటి తూటా చాంబర్‌లోకి ఎక్కించి, రేంజిలో దాన్ని కాల్చు. ఆ పేలుడుకే రెండోది లోపలికి వస్తుంది. దాన్ని కాల్చకుండా మ్యాగజైన్ తీసేసి, జాగ్రత్తగా బయటికి తీసి మళ్లీ కొలువు. 9 ఎంఎం తూటా మొత్తం పొడవు 1.169 అంగుళాలు దాటకూడదు. దాటకపోయినా, ముందు కొలతకంటే పెరిగిందంటే ఆ రకం నీకు పనికిరాదు. ఇలా కనీసం పదిసార్లు చూడు. తర్వాత అదే రకం 200 తూటాలు ఒక్క అడ్డంకీ లేకుండా కాలాలి. కొత్త పెట్టె కొన్నప్పుడు లాట్ నంబరు మారితే మళ్లీ కొలువు. ఇంట్లో నింపుకున్న తూటాలు ఎవరు ఇచ్చినా వద్దు, వాళ్లెంత నేర్పరులైనా సరే.

మిగతావి చిన్నవి. బ్యారెల్ తిరుగుతూ తాళం వేసుకుంటుంది కనుక ఆ రాపిడి చోట్ల నూనె చాలదు, గ్రీజు రాయి. చివరి తూటా అయ్యాక స్లైడ్ వెనక నిలవదు, ఎన్ని కాల్చావో నువ్వే లెక్కపెట్టుకోవాలి. పిస్టల్ పొట్టిది, రెండో చేతి వేళ్లు గొట్టం మూతి ముందుకి జారే ప్రమాదం ఉంది. ఖాళీ పిస్టల్‌తో పట్టు సాధన చేసి, అద్దంలో వేళ్లు చూసుకో.

బయట సేఫ్టీ మీట ఉండదు. పొడవైన ట్రిగ్గర్ లాగుడే దాని సేఫ్టీ. అందుకని హ్యాండ్‌బ్యాగులో తాళాలూ పెన్నుల మధ్య ఊరికే పడేస్తే ఊరుకోను! ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, దానికంటూ వేరే అర, ఆ అరలో ఇంకేమీ పెట్టకు. బ్యాగు చేత లేనప్పుడు పిస్టల్ లాక్‌బాక్స్‌లో ఉండాలి. బాబు బ్యాగుల్లో బిస్కెట్లు వెతికే వయసులో ఉన్నాడు, వాడు గుర్తొస్తేనే నాకు నిద్ర పట్టడం లేదు.

నన్నడిగితే మొదటి పిస్టల్‌గా ఇంకో అంగుళం పొడవున్న మామూలుదే కొనమంటాను. నీ చెయ్యి చిన్నది, బ్యాగు ఇంకా చిన్నది అంటే కాదనను. కొనేముందు రేంజిలో ఒకటి అద్దెకి దొరుకుతుందేమో చూడు. కొన్నాక ఆ పది కొలతలూ రాసి నాకు పంపు, తూటా ఏ రకమో పెట్టె ఫొటో కూడా పెట్టు.

నీ
మావయ్య