అత్తగారిని చూసుకోవడంలో నా ఒళ్లు గుల్లవుతోంది.. సాయం ఎవరిని అడగాలి?

ప్రశ్న: నా వయసు 47. మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. మంచం మీదే ఉంటారు. బీపీ, షుగర్ అదుపులోనే ఉన్నాయి. తినిపించడం, డైపర్లు మార్చడం, రాత్రిళ్లు పక్కకు తిప్పడం అన్నీ నేనే చేస్తాను. ఆరు నెలలుగా నడుం నొప్పి. నిద్ర లేదు, ఊరికే కోపం వస్తోంది. నర్సును పెట్టుకునే స్తోమత లేదు. దగ్గర్లో సాయం దొరుకుతుందా?

సలహా: ఆవిడ బీపీ, షుగర్ గురించి రాశారు. మీవి ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. ఇలాంటి ఇళ్లల్లో రెండో పేషెంట్ ఒకరుంటారు, వారి పేరు మీద చీటీ ఉండదు. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లలో దిగులు, నిద్రలేమి, నడుం నొప్పి చాలా మామూలు. మీ కోపం కూడా చాలావరకు అలసటే, మీ మంచితనంలో లోపం కాదు.

ముందు రాత్రి సంగతి. రెండు గంటలకోసారి తిప్పాలని ఎవరో చెప్పి ఉంటారు. పుండ్లు పడకుండా అది మంచిదే. కానీ చర్మం బాగుండి, ఒత్తిడి తగ్గించే పరుపు వేస్తే కొందరికి నాలుగు గంటలకోసారి తిప్పినా సరిపోతుంది. మీ అత్తగారి చర్మం చూసి ఆమె డాక్టరే చెప్పాలి. ఒప్పుకుంటే మీకు ఒక ముక్క నిద్ర దక్కుతుంది. ఫిజియోథెరపిస్టును ఒక్కసారి ఇంటికి పిలిచి, నడుము వంచి ఎత్తకుండా, కింద పరిచిన దుప్పటితో జరపడం నేర్చుకోండి. ఆ పనికి ఇద్దరుంటే మేలు.

ఇక సాయం. ఆమెకు వైద్యం చేసిన ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉన్నారేమో కనుక్కోండి. మందులు రాసే మాకంటే ఏ సంస్థ ఏం చేస్తుందో వాళ్లకే బాగా తెలుస్తుంది. ఇంటికొచ్చే పాలియేటివ్ కేర్ (జబ్బు పెట్టే బాధలు తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) బృందం ఉందా అని కూడా అడగండి. ఆ మాట వినగానే చాలామంది ‘అంటే ఇక ఆశ లేదా’ అని బెదిరిపోతారు. అది చివరి రోజులకో, క్యాన్సర్‌కో మాత్రమే కాదు. దీర్ఘకాలంగా మంచాన ఉన్న పక్షవాతం రోగులకూ పుండ్లకు కట్టు కట్టడం, ట్యూబు మార్చడం చేస్తారు, మీకూ నేర్పిస్తారు. వీల్‌చైర్, ఆసుపత్రి మంచం లాంటివి వాడుకుని తిరిగిచ్చేయమని ఇచ్చే స్వచ్ఛంద సంస్థలూ ఉంటాయి. కొనే ముందు విచారించండి.

బంధువులను ‘కాస్త సాయం చేయండి’ అంటే తల ఊపి వెళ్లిపోతారు. ‘ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా అత్తగారి దగ్గర మీరు కూర్చోండి’ అని గంటలు కట్టి అడగండి. మీవారిని, ఆడపడుచులను కూడా! అలా దొరికిన మూడు గంటల్లో ఇల్లు సర్దకండి, పడుకోండి.

ఈ వారంలోనే మీ బీపీ, షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా ఏడుపొస్తుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. చచ్చిపోవాలనిపించినా, ఆవిడ మీద చేయి చేసుకుంటానేమోనని భయమేసినా వారం ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. నడుం నొప్పితో పాటు కాలు బలహీనపడినా, పిరుదులు, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద పట్టు తప్పినా అది ఎమర్జెన్సీ. ఆ క్షణం అత్తగారిని పక్కింటివాళ్లకు అప్పగించి బయల్దేరాలి.