నలుగురి ఆట వేరు, ఐదుగురి ఆట వేరు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మ్యాచ్ రికార్డింగ్ మొత్తం చూశాను. "మామా, మా ఎయిమ్‌లో లోపం ఎక్కడుంది?" అని అడిగావు. ఎయిమ్, అంటే గురి, బాగానే ఉంది రా. మీ కడప పిల్లోళ్లు నలుగురూ ఏళ్ల తరబడి బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ గేమ్‌లో ఒకే స్క్వాడ్‌గా ఆడారు. ఇప్పుడు ఐదుగురికి ఐదుగురు తలపడే వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ కోసం ప్రొద్దుటూరు అబ్బాయిని ఐదోవాడిగా తెచ్చుకున్నారు. కానీ ఆడుతున్నది ఇంకా నలుగురి ఆటే. ఆ అబ్బాయి ఉన్నాడన్న మాటే గానీ, మీ ఆటలో అతనికి చోటు లేదు.

ఎసెంట్ మ్యాప్‌లో ఏడో రౌండ్ మళ్లీ పెట్టుకుని చూడు. మీరు డిఫెన్స్, అంటే అవతలివాళ్లు స్పైక్ (బాంబు) పెట్టకుండా సైట్లను కాచే వైపు. నలుగురూ "ఏ" (A) సైట్ చుట్టూ గుమిగూడారు. ఆ అబ్బాయి జెట్ అనే పాత్రను తీసుకుని "బీ" (B) సైట్‌లో ఒంటరిగా నిలబడ్డాడు. అవతలివాళ్లు స్మోక్, అంటే పొగతెర, వేసి ఐదుగురూ బీ మీదికి వచ్చారు. అతను ఒకణ్ణి కొట్టి చచ్చిపోయాడు. అప్పటికి నలుగురికి నలుగురు, లెక్క సమానం. ఆ తర్వాత మీరు ఒకే దారిలో, ఒకడి వెనక ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చారు. మూల తిరిగిన వాణ్ణి తిరిగినట్టే కొట్టేశారు. పేరుకు నలుగురు, అవతలివాళ్ల తుపాకుల ముందు మాత్రం ప్రతిసారీ ఒక్కడే.

టీమ్ సైజు గురించి ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. 1916లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు యుద్ధాల గురించి ఒక లెక్క చెప్పాడు. రెండు వైపులా అందరూ అందరినీ కాల్చగలిగినప్పుడు, బలం మనుషుల సంఖ్యను బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఐదుగురికి నలుగురు ఎదురైతే అది 25కు 16. సమానమైన ఆటగాళ్లు ఎదురెదురుగా కొట్టుకుంటే ఐదుగురి వైపు ఒక్కడు కాదు, దాదాపు ముగ్గురు మిగలాలి. టీమ్ చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ముగ్గురికి ఇద్దరంటే 9కి 4, ఇద్దరికి ఒక్కడంటే 4కు 1. ఆటలో గోడలుంటాయి, స్మోకులుంటాయి కాబట్టి ఈ లెక్క అచ్చంగా జరగదు. కానీ అందరూ ఒకేసారి కాల్చగలిగితేనే సంఖ్యకు విలువ అన్నది మాత్రం ముమ్మాటికీ నిజం. ఒక్కొక్కరుగా వస్తే ఐదుగురైనా పదిమందైనా ఒకటే. అందుకే ఎప్పుడు కదిలినా జంటగా కదలండి. ముందున్నవాడు పడిన మరుక్షణం వెనకున్నవాడు ట్రేడ్ తీసుకునేంత, అంటే కొట్టినవాణ్ణి వెంటనే తిరిగి కొట్టేంత, దగ్గరలో ఉండాలి.

మీ గుంపు అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. బీజీఎంఐ టోర్నమెంట్లలో 16 టీములు, 64 మంది దిగుతారు. ఒకచోట కాల్పులు వినిపిస్తే మూడో టీమ్ వచ్చి పడుతుంది. కాబట్టి నలుగురూ ఒకే కాంపౌండ్‌లో ఉండటం, నాక్ అయినవాణ్ణి, అంటే చావకుండా కిందపడినవాణ్ణి, స్మోక్ వేసి రివైవ్ చేయడం (తిరిగి లేపడం) అక్కడ తెలివైన పని. వాలరెంట్‌లో నాక్ లేదు. పోయినవాణ్ణి తిరిగి బతికించే సేజ్ అనే పాత్ర అల్ట్ (పెద్ద శక్తి) లాంటివి పక్కన పెడితే, పోయినవాడు ఆ రౌండ్‌కు పోయినట్టే. ఇంకో పెద్ద తేడా, ఇక్కడ శత్రువులు సరిగ్గా ఐదుగురే. అంటే కనపడనివాళ్లను కూడా లెక్కపెట్టొచ్చు. "ఏ" సైట్ దగ్గర ముగ్గురు కనపడ్డారంటే బీకి ఇద్దరికి మించి రాలేరు. ఈ తీసివేత లెక్క ప్రతి రౌండ్‌లోనూ మీ తలలో నడుస్తూనే ఉండాలి. 64 మంది తిరిగే మైదానంలో ఆ అవకాశం లేదు కాబట్టి మీకు అలవాటు కాలేదు. ఐదుగురి ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, నిజంగా.

ఇక ఎవరు ఎక్కడ నిలబడాలి. రెండు సైట్ల మ్యాప్‌లో నలుగురుంటే రెండు జంటలు, అంతే. ఐదోవాడు వచ్చాడంటే ఒకడు ఖాళీ అవుతాడు. వాడు మిడ్ (మ్యాప్ మధ్య భాగం) చూస్తాడు, అవసరమైన వైపు ముందుగా చేరతాడు, అటాక్‌లో లర్క్ చేస్తాడు, అంటే టీమ్‌కు దూరంగా ఒంటరిగా పొంచి తిరుగుతాడు. మ్యాప్ తెలిసి, తొందరపడని వాడికి ఆ పని ఇవ్వాలి. మీ నలుగురిలో ఎవరో మీకే తెలుసు. హేవెన్ మ్యాప్‌లో మూడు సైట్లున్నాయి కాబట్టి అక్కడ ఎలాగూ ఎక్కడో ఒకచోట ఒక్కడే ఉండక తప్పదు. ఒంటరిగా ఉండేవాడు కిల్‌జాయ్ పాత్రనో సైఫర్ పాత్రనో తీసుకోవాలి. వాళ్లు పెట్టే పరికరాలు మనిషి లేని చోట కూడా కాపలా కాస్తాయి, ఎవరైనా వస్తే ముందే చెబుతాయి. దూసుకుపోవడానికి చేసిన జెట్‌ను ఒంటరి కాపలాకు పెట్టి, సైట్ పోయిందని ఆ పిల్లోణ్ణి అనకండి.

ఆటగాళ్ల సంఖ్య మారితే ఆటే మారుతుందని పెద్ద కంపెనీలు కూడా చూశాయి. ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్ 2016లో టీమ్‌కు ఆరుగురితో మొదలైంది. 2022లో ఓవర్‌వాచ్ 2కి ఒక ట్యాంక్‌ను (ముందుండి దెబ్బలు కాచేవాణ్ణి) తీసేసి ఐదుగురిని చేశారు. ఇద్దరు మోసే బరువు ఒక్కడి మీద పడింది, ఆ ఒక్కడు పడితే ముందు వరుసే ఖాళీ. కాల్ ఆఫ్ డ్యూటీ లీగ్ 2020లో ఐదుగురితో ఆడింది, మరుసటి సీజన్‌కు నలుగురికి దిగింది.

మాటల సంగతి కొంచెం గట్టిగానే చెబుతాను. నలుగురి మధ్య ఆరు జతలు, ఐదుగురి మధ్య పది జతలు. ఒక్క మనిషే పెరిగాడు, కలగలిసే దారులు నాలుగు పెరిగాయి. ఏడో రౌండ్‌లో ఆ అబ్బాయి "బీ, బీ" అని రెండుసార్లు చెప్పాడు, రికార్డింగ్‌లో నాకు వినపడింది. మీకు వినపడలేదు, ఎందుకంటే మీలో ముగ్గురు ఒకేసారి అంతకుముందు రౌండ్ గురించి వాదించుకుంటున్నారు. ఒకడు టెన్షన్‌లో ఉర్దూలోకి పోయాడు. ఏ భాషైనా పర్వాలేదు, చోటు పేరు ముందు రావాలి, తర్వాత ఎంతమందో రావాలి. "మార్కెట్, ఇద్దరు." అంతే. చచ్చినవాడు చూసింది ఒక్కసారి చెప్పి నోరు మూసుకోవాలి. నిర్ణయం ఒక్కడిదే, ఐజీఎల్ (ఆటలో నిర్ణయాలు చెప్పే నాయకుడు) తప్పు చెప్పినా ఆ రౌండ్‌కు అదే ఆడాలి. మీ నలుగురికీ మాట లేకుండానే అర్థమయ్యేవి చాలా ఉన్నాయి, చిన్నప్పటి నుంచి ఒకే వీధిలో పెరిగారు కదా. ప్రొద్దుటూరు అబ్బాయికి అవి తెలియవు. అతనికి నోటితో చెప్పాలి.

ఒకడు తగ్గినప్పుడు ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. కబడ్డీలో ఏడుగురున్నప్పటి ఆట ముగ్గురు మిగిలాక ఆడరు. అప్పుడు రైడర్‌ను మూలకు రానిచ్చి అదనపు పాయింట్ తెచ్చే సూపర్ ట్యాకిల్ కోసం కాచుకుంటారు. మీరూ అంతే, నలుగురు మిగిలితే సమానంగా పంచుకోవద్దు. ఒక సైట్‌ను దాదాపు వదిలేసి ముగ్గురు ఒకచోట ఉండండి, ఊహ తప్పితే తర్వాతి రౌండ్‌కు గన్లు సేవ్ చేసుకోండి. మీరే ఒకరు ఎక్కువగా ఉంటే కిల్స్ కోసం విడిపోవద్దు. మీరు అటాక్‌లో ఉంటే, స్పైక్ పెట్టాక పేలడానికి 45 సెకన్లు, తీయడానికి 7 సెకన్లు. గడియారం మీ వైపే ఉంది, వెతుక్కుంటూ రావాల్సింది వాళ్లు.

ఈ వారం ర్యాంక్డ్ (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు) ఆపండి. కస్టమ్ గేమ్ పెట్టుకుని ఇద్దరికిద్దరు ఆడండి, ప్రతిసారీ జంటలు మార్చండి, ఆ అబ్బాయి మీ నలుగురితోనూ ఒక్కోసారైనా జంట కట్టాలి. ఐదోవాడు ఖాళీగా కూర్చోకుండా చూసి, ఎవరు ట్రేడ్‌కు అందలేదో రాసిపెట్టాలి. ఆదివారం అతన్ని కడపకే రమ్మని చెప్పు, ఐదుగురూ ఒకే వరుసలో కూర్చుని ఆడండి. మధ్యాహ్నం మీ ఇంట్లోనే భోంచేస్తాడు, అమ్మకు నేను ఫోన్ చేసి చెబుతాను. ఆ రోజు మ్యాచ్ రికార్డు చేసి మీ ఐదుగురి వాయిస్‌తో సహా పంపు, డిఫెన్స్ హాఫ్ చూసి మళ్లీ రాస్తాను.

నీ మామ