సైన్యం హెచ్‌ఆర్ ప్రాజెక్టులో చేరుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

పీపుల్‌సాఫ్ట్ అనే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ నీకు కొత్త కాదు. కానీ కంపెనీల్లో నేర్చినది ఇక్కడ సగమే పనికొస్తుంది. అమెరికా సైన్యంలో ఒకే మనిషి జనవరిలో నేషనల్ గార్డ్ (రాష్ట్రాల పార్ట్‌టైం సైనిక దళం), మార్చిలో యాక్టివ్ డ్యూటీ (పూర్తికాల సేవ), ఏడాదికి మళ్లీ గార్డ్. మారిన ప్రతిసారీ జీతం, అలవెన్సులు, సెలవులు, వైద్య సదుపాయం కదులుతాయి. టెస్ట్ కేసులు అక్కణ్ణుంచే మొదలుపెట్టు. 2003లో జీఏవో (అమెరికా పార్లమెంటు తరఫు ఆడిట్ సంస్థ) ఆరు గార్డ్ యూనిట్లను పరిశీలిస్తే 481 మందిలో 450 మందికి జీతంలో ఏదో ఒక తేడా కనిపించింది. సిబ్బంది రికార్డు ఒక సిస్టంలో, జీతం ఇంకోదాంట్లో, నడుమ చేత్తో ఎంట్రీలు. ఇంకేం కావాలి!

తేదీల దగ్గర మొండిగా ఉండు. ప్రమోషన్ ఆర్డరు చేతికందిన రోజు వేరు, ర్యాంకు అమల్లోకొచ్చే రోజు వేరు. ఎఫెక్టివ్ డేట్ గడిలో మొదటిది పడితే బకాయి గల్లంతే. ఒకేరోజు ర్యాంకూ యూనిట్టూ మారితే సీక్వెన్స్ (ఆ రోజు మార్పుల వరస నంబరు) మొదటిదానికి 0, తర్వాతిదానికి 1 వేయాలి. రెండోదీ 0 అంటే సిస్టం ఒప్పుకోదు. క్లర్కు విసుగెత్తి మొదటి వరసనే దిద్దేస్తాడు, పాత వివరం పోతుంది. అందుకే పాత వరసల్ని దిద్దే ‘కరెక్ట్ హిస్టరీ’ హక్కు అతి కొద్దిమందికే ఇవ్వు.

అన్ని దళాలకూ ఒకే సిస్టం అని బయల్దేరిన డిమ్‌హెచ్‌ఆర్‌ఎస్ ఏళ్లతరబడి నడిచి 2010లో రద్దయింది. ఆర్మీ తన సొంత సిబ్బంది, జీతాల సిస్టం ఐపీపీఎస్-ఏ ని విడతలుగా తెచ్చింది: 2019లో పెన్సిల్వేనియా గార్డ్‌తో మొదలుపెట్టి మిగతా రాష్ట్రాల గార్డులకు, తేదీ జరుపుకుంటూ 2023 జనవరిలో యాక్టివ్, రిజర్వ్ దళాలకు. ఆలస్యానికి తిట్టినవాళ్లున్నారు; చెత్త డేటాతో ఎక్కించడంకంటే ఆగడమే నయమని నా అభిప్రాయం. అప్పటికీ జీతం లెక్క పాత పే సిస్టందే. కాబట్టి ఆ పే సిస్టం తిప్పికొట్టిన రికార్డులు ఏరోజువి ఆరోజే చూడాలి. నెలాఖరుదాకా ఆగితే ఎవరింటికో అద్దె డబ్బు రాదు.

హైదరాబాద్ టీంకి రాత్రి ఫైళ్లు పంపి పొద్దున తీసుకునే అలవాటు మానుకో. సైనికుల డేటా అమెరికా దాటకూడదు.

కటోవర్‌లో, అంటే పాతదాన్నుంచి కొత్తదానికి మారే రోజుల్లో, పాత సిస్టంలు మూసి, కొత్తది తెరిచేలోపు పెళ్లిళ్లు, పుట్టిన బిడ్డలు, మరణాలు, ప్రమోషన్లు ఆగవు. ఒక్కో యూనిట్‌లో వాటి జాబితా రాసేదెవరో, తెరిచాక ముందు ఎక్కించేవి ఏవో ఎస్-1 ఆఫీసులతో (యూనిట్ల సిబ్బంది విభాగాలతో) ముందే తేల్చుకో. మరణాలూ గాయాలూ మొదట, బదిలీలు తర్వాత, అవార్డులు చివర.