బైపీసీ దాన్ని, గేదెల పాల లెక్కలు నాకు వస్తాయా?

ప్రశ్న: బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) నాలుగో ఏడాదిలో ఉన్నాను. ఎంవీఎస్సీలో జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్ తీసుకుని, గేదెల ఎదుగుదల, పాల దిగుబడి మీద గణిత నమూనాలతో పని చేయాలని ఉంది. కానీ బైపీసీ దాన్ని, లెక్కలంటే టెన్షన్. ఇంట్లో సర్జరీ తీసుకోమంటున్నారు.

జవాబు: తీసుకోమ్మా, ధైర్యంగా తీసుకో. నువ్వు భయపడుతున్న లెక్క ఎంతుందో ముందు చూడు. గేదె ఈనిన తర్వాత పాలు కొన్ని వారాలు పెరిగి, ఆపైన మెల్లగా తగ్గుతూ వట్టిపోయేదాకా వస్తాయి, ఇది మీ అమ్మమ్మకీ తెలుసు. ఈ గీతనే 1967లో వుడ్ అనే ఆయన మూడు సంఖ్యల్లో పెట్టాడు: ఎ మొదట్లో పాల స్థాయి, బి పెరిగే తీరు, సి తగ్గే తీరు. బి ని సి తో భాగిస్తే పాలు ఎక్కువిచ్చే రోజు వస్తుంది. ఉదాహరణకి ఎ 5, బి 0.2, సి 0.004 అనుకో, ఆయన సమీకరణంలో వేస్తే 50వ రోజుకి దాదాపు 9 లీటర్లు, 300వ రోజుకి 4.7 లీటర్లు. లాగరిథమ్ తీసుకుంటే ఇది మామూలు రిగ్రెషన్ (కొలతలకి సరిపోయే గీత కనుక్కోవడం) అయిపోతుంది, ఎక్సెల్‌లోనే చేయొచ్చు. దూడల బరువుకి గాంపెర్ట్జ్, బ్రోడీ సమీకరణాలూ ఇలాంటివే, పడ్డ ఎంత వేగంగా ఎదుగుతోంది, చివరికి ఎంత బరువు తూగుతుంది అనేవి చెబుతాయి.

అసలు కష్టం లెక్కలో కాదు, కొలతలో ఉంది, ఇక్కడే నీ బీవీఎస్సీ పనికొస్తుంది. ఒక చన్ను దూడకి వదిలేశారా, ఆ పూట గేదె సరిగ్గా చేపలేదా, ఇవి కంప్యూటర్‌కి తెలియవు. మొదటి కొలతే ఈనిన మూడు నెలలకి తీశారనుకో, పెరిగే భాగం జారిపోయి బి మైనస్‌లో వస్తుంది, ఆ గేదెకి గరిష్ఠమే లేదన్నట్టు గీత గీస్తుంది. పాకలో నిలబడి పాలు పితకడం చూసినవాళ్ళే దాన్ని పట్టుకుంటారు. మొదటి నెలల పాలతోనే 305 రోజుల (ఒక ఈతకి లెక్కగా తీసుకునే పాడి కాలం) దిగుబడి అంచనా కట్టగలిగితే, ఏ దున్న కూతుళ్ళు పాలు బాగా ఇస్తున్నాయో ముందే తేలుతుంది, మంచి దున్నను ఎంచడానికి వాటి పాడి కాలం పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

ఇంట్లోవాళ్ళకి ఇది చెప్పు: వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకి బీవీఎస్సీ చాలు, పీజీలో ఏ సబ్జెక్టు చదివినా ఆ దారి మూసుకుపోదు. ఇటు హిసార్‌లోని గేదెల పరిశోధన సంస్థ, కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ (ఎన్‌డీఆర్‌ఐ), ఆణంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) లాంటి చోట్ల ఈ పని తెలిసినవాళ్ళకి చోటుంటుంది, మన వెంకటరామన్నగూడెంలోనూ గేదెల పరిశోధన కేంద్రం ఉంది.

సర్జరీ మీద నిజంగా మనసుంటే అదే చెయ్యి, లెక్కల భయంతో మాత్రం అటు వెళ్ళకు. ఈ సెలవుల్లో మీ కాలేజీ ఫారంలో పాల రిజిస్టర్ అడిగి తీసుకుని, రెండో ఈత గేదెలు ఓ పదింటివి ఎక్సెల్‌లో ఎక్కించి గీత గీసి చూడు. ఏ గేదె గీతైనా వంకరగా వస్తే ఫారంలో పాలు పితికేవాళ్ళని అడుగు, ఆ నెలలో దానికి ఏమైందో.