టర్బినేట్ ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ఎంత ఉంచుతారో అడగండి

ముక్కులో టర్బినేట్లు (లోపలి పక్క గోడల నుంచి పొడుచుకొచ్చే, పొర కప్పిన సన్నని ఎముకలు) పెరిగాయని, ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెప్పారు, చేయించుకోవచ్చా, మళ్లీ పెరుగుతాయా అని అడిగారు. నేను చేయించుకున్నాను, ఊపిరి హాయిగా ఆడుతోంది. కానీ ఏ పద్ధతిలో చేస్తారో, ఎంత తీసి ఎంత ఉంచుతారో మీరు రాయలేదు. అది తెలియకుండా అవునన్నా కాదన్నా ఎవరి మాటా నమ్మకండి.

నేను మొదట కలిసిన సర్జన్ స్కాన్ ఫిల్మ్ వెలుతురుకి ఎత్తి చూసి, "రెండు వైపులా పూర్తిగా తీసేద్దాం, ఇక జన్మలో మూసుకోదు" అన్నారు. నా ముక్కులోకి తొంగి కూడా చూడలేదు. ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కొన్ని గంటలకొకసారి ముక్కు ఒక వైపు బిగుసుకుని రెండో వైపు తెరుచుకుంటూ ఉంటుంది. స్కాన్ తీసే సమయానికి ఏది ఉబ్బి ఉంటే అదే ఫిల్మ్‌లో లావుగా కనిపిస్తుంది. రిపోర్టులో 'హైపర్‌ట్రోఫీ' (అంటే మితిమీరి పెరగడం) అనే మాట చూసి రాత్రంతా టెన్షన్ పడేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు.

రెండో డాక్టర్ ఎండోస్కోప్ (సన్నని కెమెరా గొట్టం) పెట్టి అంతా తెర మీద నాకే చూపించారు. ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య గోడ, ఎడమకి వంగి ఆ దారిని ఇరుకు చేసింది. కుడి వైపు మిగిలిన ఖాళీలోకి కింది టర్బినేట్ పెరిగిపోయింది. వంకర లేని వైపున ఇలా పెరగడం మామూలేనట. తర్వాత వాపు తగ్గించే స్ప్రే రెండు వైపులా కొట్టి, కాసేపు బయట కూర్చోమన్నారు. కూర్చున్న చోటే ఎడమ వైపు గాలి చల్లగా తగలడం మొదలైంది. మళ్లీ పిలిచి చూపిస్తే ఎడమ టర్బినేట్ బాగా కుంచించుకుపోయి ఉంది. కుడిది మాత్రం దాదాపు కదల్లేదు.

"ఇది ఎముక. దీని మీద స్ప్రే పనిచేయదు" అన్నారావిడ. ఆవిడ చెప్పిన వైద్యం ఇదీ: కుడి వైపు పైపొరని కాపాడుతూ దాని కింద నుంచి కొంత ఎముక తీసి, మిగిలినదాన్ని పక్కకి నెట్టడం, ఎడమ వైపు రేడియోఫ్రీక్వెన్సీతో (రేడియో తరంగాల వేడితో) పొర కింద కణజాలాన్ని కాస్త కుదించడం, వాటితో పాటే దూలం సరిచేయడం. ఒకే ముక్కుకి రెండు వైపులా రెండు రకాల వైద్యం! పూర్తిగా తీసేద్దామన్న పెద్దమనిషి ఈ చిన్న పరీక్ష ఎందుకు చేయలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లోపలికెళ్లే గాలిని వెచ్చబరిచి, తడిపి పంపేది టర్బినేట్లే. గాలి ఆడుతోందని మనకి తెలిసేది కూడా చాలావరకు ఆ పొర చల్లదనాన్ని గుర్తించడం వల్లే. దాన్ని మొత్తం కోసేస్తే కొందరికి దారి విశాలంగా ఉన్నా ఊపిరాడనట్టే అనిపిస్తుంది. దీనికి 1994లో 'ఎంప్టీ నోస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అరుదైనదే. అయితే దీని మీద వీడియోలు చేసేవాళ్లు రేడియోఫ్రీక్వెన్సీ అన్నా సరే జీవితం అయిపోయినట్టు భయపెడతారు, వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇటలీలో 382 మంది మీద ఆరు పద్ధతులు పోల్చి చూసి 2003లో ఫలితాలు ప్రచురించారు. చాలాకాలం నిలబడి, ముక్కు పొర పనినీ కాపాడింది పొర కింద నుంచి తీసి పక్కకి నెట్టే పద్ధతే. నా దృష్టిలో వాదన అక్కడితో ముగిసింది.

ఆపరేషన్ కంటే ఆ తర్వాతి రోజులే విసుగు. మొదట్లో వాపు వల్ల ముక్కు మునుపటి కంటే ఎక్కువ మూసుకుపోతుంది, కంగారు పడొద్దు. పక్కులు కడతాయి, వేలు పెట్టకండి. ఉప్పునీళ్లతో కడగాలి, మరిగించి చల్లార్చిన నీళ్లు మాత్రమే వాడండి.

ఆపరేషన్ కంటే ముందు స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు సరిగ్గా వాడారా? కొట్టేటప్పుడు స్ప్రే సీసా మూతి దూలం వైపు కాకుండా చెవి వైపు తిప్పి ఉండాలి. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటి చుక్కలు వరసగా వాడుతున్నారా? కొద్ది రోజులు దాటితే ఆ చుక్కలే దిబ్బడ తెస్తాయి. అదే కారణమైతే డాక్టర్‌కి చెప్పి ముందు అవి మానాలి, కత్తి సంగతి తర్వాత.

మళ్లీ పెరుగుతాయా అంటే, రేడియోఫ్రీక్వెన్సీ చేసిన చోట కొన్నేళ్లకి మళ్లీ ఉబ్బవచ్చు, మళ్లీ చేయించుకోవచ్చు. అలర్జీ ఉంటే ఆపరేషన్‌తో అది పోదు. నాకు పొద్దున్నే తుమ్ములు వస్తూనే ఉన్నాయి, స్ప్రే నడుస్తూనే ఉంది. గురక పోవాలని చేయించుకుంటున్నట్టయితే మాత్రం ముందు నిద్ర పరీక్ష చేయించుకోండి. గురక ఎక్కువగా గొంతులో పుడుతుంది. ఇంత చేశాక కూడా నా గురక మీద ఇంట్లో ఫిర్యాదులు అలాగే ఉన్నాయి.