పద్నాలుగేళ్ల బాయిలర్‌కు 420 పౌండ్లు పెట్టాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాం. ఇంటితోపాటు వచ్చిన గ్యాస్ కాంబి బాయిలర్‌కు (ఇంటిని వెచ్చబెట్టేదీ, కుళాయికి వేడినీళ్లిచ్చేదీ అదే) 14 ఏళ్లు. పోయిన వారం ఆగిపోయింది. సర్క్యూట్ బోర్డు మార్చాలి, 420 పౌండ్లు అన్నారు. ఇంకో కంపెనీవాళ్లు 2,800కి కొత్తది పెడతాం, పదేళ్లపాటు నెలకు 40 కట్టండి అంటున్నారు. చేతిలో 3,000 పౌండ్లు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నెలకు 40 సంగతి చూద్దాం. 120 నెలలకు 4,800. అంటే వడ్డీయే 2,000 పౌండ్లు! అప్పు తీరేసరికి ఆ బాయిలర్ కూడా ముసలిదైపోతుంది. దాని జోలికి వెళ్లకండి. అలాగని ఉన్న 3,000 ఊడ్చి కొత్తది కొనడమూ నాకు ఇష్టం లేదు. ఊళ్లో అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే, టికెట్ కొనాల్సింది ఆ డబ్బుతోనే కదా.

రిపేరే చేయించండి. కానీ డబ్బు ఇచ్చే ముందు హీట్ ఎక్స్ఛేంజర్ ఎలా ఉందో ఇంజనీర్‌ని అడగండి. గ్యాస్ మంట వేడిని నీళ్లకు అందించేది అదే. అది కారుతుంటే ఆ బాయిలర్ మీద ఇంకొక్క పౌండ్ కూడా పెట్టొద్దు. బోర్డు, ఫ్యాన్, డైవర్టర్ వాల్వ్ (వేడిని రేడియేటర్లకో కుళాయి నీళ్లకో మళ్లించేది) లాంటివైతే మార్చుకోవచ్చు.

ప్రెజర్ గేజ్ కూడా చూస్తుండండి. బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1, 1.5 బార్ మధ్య ఉండాలి. ముల్లు పడిపోయి వారం వారం నీళ్లు నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. కొత్త నీళ్లతోపాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి రేడియేటర్లు తుప్పు పడతాయి. ఆ తుప్పే నల్లటి మడ్డిగా మారి హీట్ ఎక్స్ఛేంజర్‌లో పేరుకుంటుంది. చిన్న లీకేగా అని వదిలేస్తే జరిగేది ఇదే.

ఏటా సర్వీసింగ్ మానకండి, సుమారు 100 పౌండ్లు అవుతుంది. వచ్చినవారి గ్యాస్ సేఫ్ కార్డు (గ్యాస్ పని చేసే ఇంజనీర్లకు ఉండాల్సిన గుర్తింపు కార్డు) వెనక్కి తిప్పి, బాయిలర్ పనికి అర్హత ఉందో లేదో చూడండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఇవాళే కొనండి. ఆ గ్యాస్‌కు వాసన ఉండదు, ఇంట్లో పిల్లలుంటే నాకు అదే భయం.

ఈ 420తో మీరు కొంటున్నది టైమ్. వచ్చే నెల నుంచి వేరే ఖాతాలో 75 పౌండ్లు వేస్తూ వెళ్లండి, మూడేళ్లకు 2,700 అవుతుంది. ఈలోగా హీట్ పంప్ (బయటి గాలి నుంచో నేల నుంచో వేడిని లాగి ఇంటిని వెచ్చబెట్టే కరెంటు యంత్రం) మీ ఇంటికి సరిపోతుందేమో సర్వే చేయించుకోండి, ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో దానికి ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంట్ ఇస్తోంది. జనవరి చలిలో బాయిలర్ చచ్చిపోయాక ఇవన్నీ చూసుకునే తీరిక ఉండదు. ఈలోపు మరో పెద్ద పార్టు పోతే మాత్రం రిపేర్ వద్దు, అప్పటికి ఆ ఖాతాలో ఉన్నది తీసి, తక్కువైనంత మటుకే పొదుపులోంచి కలిపి మార్చేయండి.